పెదాల మీది మాట

పోయిన వారం మన గుణశేఖర్‌ని తిరుత్తణి బస్టాండులో, పళ్ళిపట్టు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టించి వదిలేశాం. రెండో కాలు కూడా పెట్టాడు లెండి. అంతమాత్రానికే ఆ మహానుభావుడికి ఇరవై ఏడు రోజులు పట్టింది. భార్య అలిమేలమ్మ చేతిసంచి తీసుకుని ఆ పళ్ళిపట్టులోని పుట్టింటికి వెళ్లిపోయి సరిగ్గా అన్నే రోజులు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్లు కాస్త ఓర్చుకోవాలి. గుణశేఖర్ తిరుత్తణి శివార్లలో ఒక లుంగీల షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు. ఇరవై రెండేళ్లుగా అదే షెడ్డు, అదే మోత. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం మగ్గాలు ఆగిపోయినా అతని చెవుల్లో మోత ఆగలేదు. కుక్కరు ఈల వేయబోయే ముందు సన్నగా కూస్తుందే, అలాంటి కూత. తెల్లారి కళ్లు తెరిచిన దగ్గరనుంచీ అదే. అయినవాళ్లెవరికీ చెప్పలేదు. దాన్ని ముంచేయడానికి ఇంట్లో ఫ్యాను ఫుల్లు, రేడియో ఫుల్లు, టీవీ ఫుల్లు. భార్య పిలిస్తే సగంసార్లు వినబడదు, వినబడినప్పుడు చిరాకు. కూతురు యువరాణి పెళ్లై కవరైపేట్టైలో కాపురముంటోంది కాబట్టి ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఆ ఇద్దరి మధ్యా ఒక రేడియో. "ఈ ఇంట్లో మనిషికి చోటు లేదు మామా" అని ఒక్క మాట అని అలిమేలమ్మ వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక ఇల్లు ఎలా ఉందో చెప్పమంటారా? అన్నం ఒక్కడికి వండుకుంటే గిన్నె అడుగున ఇంకో మనిషికి మిగిలేది. కొలత తప్పి కాదు, చెయ్యి అలవాటు. రేడియోలో ఎవరో నవ్వుతుంటే ఆ నవ్వు వింటూ తినేవాడు. వీధిలో పలకరించేవాళ్లకు "ఊరికిపోయింది" అని చెప్పి తలుపేసుకునేవాడు. ఏ ఊరికి, ఎన్నాళ్లకి అని అడిగినవాళ్లు లేరు. అడగలేదని అతనికి కోపం, అడుగుతారేమోనని భయం.

అతను బస్సెక్కిన ఈ గురువారం నెలవారీ షట్‌డౌన్. తొమ్మిది నుంచి అయిదు వరకూ కరెంటు ఉండదు, షెడ్డుకి సెలవు. మిగతావాళ్లంతా ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. గుణశేఖర్‌కి మాత్రం నెల మొత్తంలో అదే పీడదినం. మగ్గాలుండవు, ఫ్యాను తిరగదు, టీవీ మాట్లాడదు, చెవుల్లో ఉన్నది ఒక్కటే కూర్చుని కూస్తుంది.

ఆ పొద్దున అతను షెడ్డు వెనక నూలు బస్తాల గదిలో దూరి, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అదొక వైద్యం. తిరువళ్ళూరు ఆస్పత్రివాళ్లు మగ్గం పనివాళ్ల చెవులు పరీక్ష చేయడానికి వచ్చినప్పుడు, "ఈ కూతకి మాత్ర లేదు నాయనా, దీంతో బతకడం నేర్పిస్తాం" అని ఒక కాగితం చేతిలో పెట్టారు. వారానికోసారి ఫోన్‌లో మాటలు, ఎనిమిది వారాలు. ఫోన్‌లో మాట్లాడితే చెవి కుదుటపడుతుందా అని అతను మొదట్లో లోలోపల నవ్వుకున్నాడు. ఇప్పుడు ఆరో వారం. వారమంతా అతనితో మనసుపెట్టి మాట్లాడే మనిషి ఆ ఫోన్‌లో కనిపించే యశశ్విని ఒక్కతే.

"అన్నా, కూత ఎక్కువైనప్పుడు మనసులో వచ్చే ఆలోచన రాసుకోమన్నాను. రాసినారా?" అంది ఆ అమ్మాయి.

"రాసినా మేడం. తమిళంలో రాసినా, పరవాలేదా?"

"ఏ భాషైనా ఒకటే. చదవండి."

గుణశేఖర్ నోటుపుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, తెలుగు చేసుకుంటూ చదివాడు. "నాకు పిచ్చి పడతా ఉండాది. ఇది తెలిసిందంటే ఎవురూ నా పక్కన నిలబడరు."

"ఎవరూ నిలబడరని ఎట్లా తెలుసు?"

"ఎట్లా తెలుస్తుంది మేడం, ఎవురికీ చెప్పింది లేదు కదా!"

అని, తను అన్నది తనకే వినబడినట్టు ఆగిపోయాడు. అప్పుడు యశశ్విని, "కూత వేరు, కూత గురించి మీరు అనుకునేది వేరు. రెండోదాన్ని పరీక్ష పెట్టి చూడొచ్చు. ఒక్క మనిషికి చెప్పండి అన్నా. ఏమవుతుందో చూసి వచ్చే వారం నాకు చెప్పండి" అంది.

ఆ ఒక్క మనిషి ఎవరో వేరే చెప్పాలా? పైగా వ్యవధి లేదు. బావమరిది నటరాజ్ ముందురోజే ఫోన్ చేసి, ఆదివారం పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నానని కబురు చెప్పేశాడు. విడిపోవడమో, కలిసి ఉండడమో ఆ రోజు తేలిపోవాలట. ఆదివారంలోగా అలిమేలమ్మకి నిజం చెప్పుకోకపోతే, రేడియో పెట్టుకుని పెళ్లాన్ని లెక్కచేయని మొగుడుగానే అతని పేరు మిగిలిపోతుంది. ఇల్లు కూడా అలాగే మిగిలిపోతుంది, ఒంటి మనిషితో.

బస్సులో ఉన్నంతసేపూ గుణశేఖర్‌కి హాయిగానే ఉంది, ఇంజను పక్క సీటు కదా. పళ్ళిపట్టులో దిగి, బస్సు వెళ్లిపోయాక, మధ్యాహ్నపు వీధిలో ఒక్కసారిగా కూత పైకి లేచింది. తిరుగు బస్సు ఎన్నింటికని పక్కనున్న కిళ్లీ కొట్టులో అడిగాడు కూడా, పిరికివాడు. అయినా నడిచాడు.

నటరాజ్‌ది ఎరువుల అంగడి. ముందు అంగడి, మధ్యలో ఒక కర్టెను, వెనక ఇల్లు. అలిమేలమ్మ కన్నా రెండేళ్లు చిన్నవాడు, అక్కంటే ప్రాణం. బావ గుమ్మం ముందు నిలబడేసరికి లేచి కుర్చీ అయితే వేశాడు గానీ ముఖం మాత్రం గంటు పెట్టుకున్నాడు.

"రా బావా. దోవ ఇప్పుడు కనపడిందా?"

"షట్‌డౌన్ ఈ పొద్దు. అందుకే..."

"ఓహో. కరెంటు పోతేగానీ పెండ్లాము గెవనానికి రాదన్నమాట. మంచిదే."

వెనక గదిలో కిటికీ పక్కన అలిమేలమ్మ కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసింది, మళ్లీ దించుకుంది. ఇరవై ఏడు రోజుల్లో ముఖం కాస్త తేరుకుంది. అది చూసి గుణశేఖర్‌కి ఒక పక్క సంతోషం, ఇంకో పక్క మనసు చివుక్కుమంది. నేను లేకపోతేనే బాగుందన్నమాట అనుకున్నాడు. గదిలో ఫ్యాను లేదు, టీవీ లేదు, గోడ గడియారం కూడా లేదు. చెవుల్లో కూత నాలుగు గోడలకీ తగిలి తిరిగొస్తోంది.

నటరాజ్ ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆదివారం జరగాల్సింది ఇప్పుడే మొదలుపెట్టేశాడు.

"చెప్పు బావా. అక్క నాలుగు తూర్లు పిలిస్తే ఒగతూరి కూడా పలకవంట. చలికాలంలోనూ ఫ్యాను ఫుల్లంట. రేడియో ఆపితే కొట్టేటట్టు చూస్తావంట. ఏమిటికి ఇదంతా? అక్క చేసిన తప్పేంది?"

"తప్పేమీ లేదు."

"మరి?"

గుణశేఖర్‌ని యశశ్విని చెప్పమన్నది ఒక్క మనిషికే. ఈ బావమరిది ఆ లెక్కలోకి రాడు. ఇతని ముందు చెవిలో ఏదో కూస్తోందని చెబితే, సాయంత్రానికి పళ్ళిపట్టు మొత్తానికీ తెలిసిపోతుంది.

"చూసినావా అక్కా! ఇదీ వరస. ఇంటికొచ్చిన మనిషి నోరు తెరవడు. ఇట్లాంటోడితో ఇరవై నాలుగేండ్లు ఎట్లా ఏగినావో ఏమో!"

అంతలో అంగట్లోంచి ఎవరో "యూరియా ఉండాదా నటరాజన్నా" అని కేకేశారు. నటరాజ్ విసుక్కుంటూ లేచి కర్టెను తోసుకుని వెళ్లాడు. బస్తా ఈడుస్తున్న చప్పుడు వినబడింది.

ఇదే సందు. గుణశేఖర్ కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించి, "అలిమేలూ, నాకు ఒంట్లో..." అన్నాడు.

అలిమేలమ్మ చటుక్కున చెయ్యెత్తి ఆపింది. కర్టెను వైపు కళ్లతో చూపించింది. తర్వాత పెదాలు కదిపింది. గొంతు లేదు, ఊపిరి చప్పుడు కూడా లేదు. "ఇట్లా చెప్పు."

మగ్గాల షెడ్డులో పనిచేయనివాళ్లకి ఇది అర్థం కాదు కాబట్టి నేనే చెప్పాలి. ఆ మోతలో అరిచినా పక్కవాడికి వినబడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదాలతో మాట్లాడుకుంటారు, ఎదుటివాళ్లు చూసి చదువుకుంటారు. అలిమేలమ్మ పద్దెనిమిదేళ్లు అతని ఎదుటి మగ్గాల మీద పనిచేసింది. కూర ఏం చేయాలి అన్న దగ్గరనుంచి కూతురి పెళ్లి ఎక్కడ కుదుర్చుకోవాలి అన్నదాకా ఆ ఇద్దరూ మాట్లాడుకున్నదంతా పెదాలతోనే. షెడ్డులో చేరిన కొత్తలో అందరి మధ్యలో నిలబడి ఎవరికీ తెలియకుండా ఎన్ని సరసాలాడుకున్నారో అడిగితే ఇప్పటికీ సిగ్గుపడతారు. మోకాళ్ల నొప్పులని ఆమె పని మానేశాక ఆ మాటలు ఆగిపోయాయి. నిజంగా మాట్లాడుకోవడం కూడా అప్పుడే ఆగిపోయిందని గుణశేఖర్‌కి ఇప్పుడు, ఈ క్షణంలో తోచింది.

అతను కూడా పెదాలతోనే మొదలుపెట్టాడు. "నాకు చెవుల్లో కూత వినపడతాది. మూడేండ్లుగా. ఆగదు. దాన్ని కప్పేదానికే రేడియో, ఫ్యాను. నీ మీద కోపంతో కాదు."

అలిమేలమ్మ చేతిలోని చింతపండు అలాగే ఉండిపోయింది.

"నువ్వు పిలిచినప్పుడు సగం తూర్లు నిజంగా వినపడలేదు. చెప్తే పిచ్చోడంటావని చెప్పలేదు." ఇంత చెప్పి గుణశేఖర్ తల దించుకున్నాడు. ఆమె పెదాలు చూడాలంటే భయం వేసింది. చూడకపోతే జవాబు రాదు. ఆ భాషలో ఉన్న చిక్కే అది.

చివరికి తలెత్తాడు. అలిమేలమ్మ ఏడవడం లేదు, కోపంగానూ లేదు. ఎవరో వెనకనుంచి కొట్టినట్టు చూస్తోంది.

"నీకు మూడేండ్లా?" అన్నాయి ఆమె పెదాలు. "నాకు ఆరేండ్లు."

గుణశేఖర్ తప్పు చదివాననుకున్నాడు. మళ్లీ చెప్పమన్నట్టు చెయ్యి ఆడించాడు.

"ఆరేండ్లు మామా. తుమ్మెద. చెవిలో తుమ్మెద తిరగతా ఉంటాది. మోకాళ్ల నొప్పి అబద్ధం. షెడ్డులో నిలబడితే తుమ్మెద పెద్దదైపోతా ఉండె, అందుకే మానుకునింది. ఇంట్లో నిమ్మళంగా ఉంటే తగ్గతాదనుకుంటే, నువ్వు రేడియో పెట్టేస్తివి."

ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు, ఇద్దరికీ అదే బాధ. అతనికి మోత లేకపోతే బతుకు లేదు, ఆమెకి మోత ఉంటే బతుకు లేదు. మూడేళ్లపాటు ఒకరినొకరు పీక్కుతిన్నారు, ఒక్క ముక్క చెప్పుకోకుండా. గుణశేఖర్‌కి తలను గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఎందుకు చెప్పలేదే?"

అలిమేలమ్మ కర్టెను వైపు ఒకసారి చూసుకుంది. అవతల నటరాజ్ ఎవరికో మందు చల్లే పద్ధతి చెబుతున్నాడు.

"మా అమ్మ చెప్పింది" అంది, అదే నిశ్శబ్దంగా. "నాకు పదకొండేండ్లు అప్పుడు. చెవిలో తుమ్మెద అనింది. పిచ్చి పట్టిందని మా నాయన, పెద్దోళ్లు కలిసి ఎత్తుకపోయి గుడి మండపంలో స్తంభానికి కట్టేసినారు. నలభై దినాలు. ఇంటికి తెచ్చినాక అమ్మ మళ్లా మాట్లాడింది లేదు. ఊరికే పెదాలు కదిలించేది. ఏడాదికి పోయింది."

అత్తగారు పొన్నమ్మ జబ్బుతో పోయిందని మాత్రమే గుణశేఖర్‌కి తెలుసు. ఏ జబ్బో ఇరవై నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు. తన మీద కూడా తాడు పడుతుందన్న భయంతో ఈ మనిషి ఆరేళ్లు నోరు మూసుకుని, వంట చేసి, బట్టలుతికి, కూతురి పెళ్లి చేసి, పక్కలో పడుకుంది. అతని కళ్లు మసకబారాయి. అరచేత్తో గబగబా తుడుచుకున్నాడు, ఆమె పెదాలు కనబడాలి కదా.

"ఇది పిచ్చి కాదు అలిమేలూ. విను. మగ్గం మోతకి చెవి లోపల దెబ్బ తగులుతాదంట. తిరువళ్ళూరు డాక్టరు చెప్పినాడు. షెడ్డుల్లో శానామందికి ఉండాదంట. దీనికి పేరు కూడా ఉండాది. నేను ఫోన్‌లో ఒక మేడంతో మాట్లాడతా ఉండా, ఆరు వారాలుగా. నిన్నూ మాట్లాడిస్తా."

"పిచ్చి కాదా?"

"కాదు."

"ఒట్టు?"

"యువరాణి మీద ఒట్టు."

అలిమేలమ్మ ముఖంలో ఆరేళ్లుగా బిగుసుకుపోయినది ఏదో వదులైంది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, పెదాల మీద మాత్రం నవ్వు. అంతలోనే మళ్లీ భయం. "నటరాజుకి మాత్రం చెప్పొద్దు. వాడు నమ్మడు. అమ్మని కట్టేసింది తప్పని వాడికి ఈ పొద్దుటికీ తెలీదు. ఇంకొంచెం ముందే గుడికి తీసకపోయింటే అమ్మ బతికుండేదంటాడు. నా మీద ఒట్టెయ్యి."

గుణశేఖర్ ఒట్టేశాడు. వేయక ఏం చేస్తాడు?

ఇక ఆమెని ఆపలేకపోయాడు. ఆపాలని కూడా అనిపించలేదు. ఆరేళ్లు మింగినదంతా పెదాల మీదికి వచ్చేసింది. తుమ్మెద ఏ పూట ఎక్కువవుతుందో, యువరాణి పెళ్లి మేళంలో ఎలా నిలబడిందో, అతని రేడియో ఆపేసి బయటికి విసిరేయాలని ఎన్నిసార్లు చెయ్యి లేచిందో, ఇక్కడికొచ్చాక ఈ నిమ్మళంలో కూడా అతను లేని లోటు ఎలా ఉందో అన్నీ. "ఈడ తుమ్మెద తగ్గింది మామా. కానీ మాట్లాడేదానికి మనిషి లేడు" అంది. గుణశేఖర్ కళ్లార్పకుండా ఆమె నోటినే చూస్తున్నాడు. తను వింటున్నాడంతే. ఇన్నాళ్లకి చెవుల్లోని కూత సంగతి అతనికి పట్టలేదు.

అలా చూస్తూ ఉండబట్టే, వెనక కర్టెను తొలగిన సంగతి అతనికి తెలియలేదు.

అలిమేలమ్మ పెదాలు మాట మధ్యలో ఆగిపోయాయి. ఆమె చూపు అతని భుజం మీదుగా వెళ్లి ఎక్కడో అతుక్కుపోయింది. గుణశేఖర్ తిరిగి చూశాడు. గుమ్మంలో నటరాజ్, చేతుల నిండా ఎరువు దుమ్ము, ముఖాన నెత్తురు చుక్క లేదు.

అతను ఎప్పుడూ మగ్గాల షెడ్డులో అడుగు పెట్టినవాడు కాదు. అతనికి కనబడిందల్లా ఒక్కటే. బావ వెన్ను చూపించి గమ్మున కూర్చున్నాడు. అక్క కళ్లనీళ్లు కారుస్తూ, మధ్యమధ్యలో నవ్వుతూ, చప్పుడు లేకుండా పెదాలు కదిలించుకుంటోంది.

"అక్కా" అన్నాడు నటరాజ్. గొంతు తొమ్మిదేళ్ల పిల్లవాడిదైపోయింది. "ఎవురితో మాట్లాడతా ఉండావు?"

అలిమేలమ్మ గబగబా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎన్నాళ్లుగా బావా ఇట్లా? తెలిసి కూడా చెప్పలేదు కదా నువ్వు? అమ్మ కూడా ఇట్లనే... అచ్చం ఇట్లనే..." అతను దుమ్ము చేత్తోనే ముఖం తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు.

"నటరాజూ, ఆగు. ఏం చేస్తా ఉండావు?"

"అప్పుడు ఆలస్యం చేసినారు బావా. నాకు తెలీదు, చిన్నోడిని. ఇప్పుడు అట్లా కానీను. అక్కని నేను బతికించుకుంటా." ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "సుబ్బన్నా, నేను నటరాజుని. కారు ఉండాదా? గుడికి పోవాల. మా అక్కని తీసకపోవాల."

అరవాలనుంది గుణశేఖర్‌కి. ఇది పిచ్చి కాదురా, మగ్గం మనుషుల మాటరా, చెవిలో దెబ్బరా అని గట్టిగా చెప్పేయాలనుంది. చెబితే తుమ్మెద సంగతి బయటపడుతుంది. ఒట్టు వేసి ఇంకా చేతి తడి ఆరలేదు. నటరాజ్ నమ్మకపోతే, అమ్మ నోట విన్న ఆ తుమ్మెదే అక్క నోటా వచ్చిందని తెలిశాక, ఆ తాడుని ఆపేవాడు ఎవడు?

చెప్పమంటావా, వద్దా? అలిమేలమ్మ వైపు చూశాడు. ఒక్క మాట, పెదాలతో ఒక్క మాట చాలు.

కానీ నటరాజ్ ఫోన్‌లో మాట్లాడుతూనే అక్క నోటివైపే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా. అది ఆమెకి తెలుసు. పెదాలు రెండూ పళ్ల కింద బిగబట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని మొగుణ్ణి చూస్తోంది. ఆ కళ్లలో ఏముందో చదవడం గుణశేఖర్‌కి ఎవరూ నేర్పలేదు.

"ఎన్ని గంటలకి రమ్మంటావన్నా?" అని ఫోన్‌లో సుబ్బన్న అడుగుతున్నాడు.

"ఇప్పుడే" అన్నాడు నటరాజ్.